అంగడి గోడకు గాడిద మొగం

మా అంగట్లో గల్లాపెట్టె వెనకాల, దేవుళ్ళ పటాలకు జానెడు కింద, ఒక గాడిద పటం ఉండేది. రంగుల అచ్చు బొమ్మ. గాడిద తిన్నగా మన కళ్ళలోకి చూస్తూ ఉంటుంది. దాని కింద ఎర్రని అక్షరాలు ఒక వరుస. మా మామగారు వేంపల్లెలో అంగడి పెట్టిన కొత్తలో ఎవరో తెచ్చి ఇచ్చారట. మా వైపు పాత అంగళ్ళలో ఇప్పటికీ అక్కడక్కడా ఇలాంటి పటాలు కనిపిస్తాయి. పొద్దున తలుపు తీయగానే గాడిద ముఖం చూస్తే ఆ రోజు బేరం బాగా సాగుతుందని నమ్మకం. మా ఆయన కూడా వాళ్ళ నాన్నలాగే ముందు దేవుళ్ళకు ఊదుబత్తి తిప్పి, తరువాత గాడిద ముందు కాసేపు నిలబడి, దాని కళ్ళలోకి చూసి, అప్పుడు గానీ తక్కెడ ముట్టుకునేవారు కాదు.

కింద ఏమి రాసి ఉందో నాకు తెలియదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ మధ్యాహ్నాలు ఆయన భోంచేసి కునుకు తీసేటప్పుడు అంగట్లో కూర్చునేది నేనే. సబ్బును రంగు చూసి, టీ పొడిని సంచి మీది బొమ్మ చూసి ఇచ్చేదాన్ని. అక్షరాలు నాకు గోడ మీద చీమల బారు లాంటివి. ఉన్నాయని తెలుసు, ఎక్కడికి పోతున్నాయో తెలియదు.

కోడలు వచ్చాక, మనవరాలికి అ ఆలు దిద్దిస్తుంటే పక్కన కూర్చుని నేనూ మొదలుపెట్టాను. పలక అవసరం పడలేదు. అంగడి నిండా అక్షరాలే. సబ్బు కాగితాల మీద, బిస్కెట్ల పొట్లాల మీద, కోడలు వేలు పెట్టి చూపిస్తే కూడబలుక్కునేదాన్ని. ఒక మధ్యాహ్నం బేరాలు లేవు. తల ఎత్తితే గాడిద కనిపించింది. ఎవరి సాయమూ లేకుండా దాని కింది వరుసను మొదటి నుంచి చివరి దాకా చదివాను. ‘నన్ను చూడు, నీకు మోగం వస్తుంది.’

మోగం ఏమిటని కాసేపు ఆలోచించాను. ముఖాన్ని మేము మొగం అంటాము గదా, అచ్చు వేసినవాడు పొరపాటున దీర్ఘం పెట్టాడనుకున్నాను. నన్ను చూడు, నీకు మొగం వస్తుంది. నాకు ఆ మాట చాలా సరిగ్గా ఉన్నట్టు అనిపించింది. తల వంచుకుని తిరిగే మనిషికి ముఖం ఎక్కడిది? ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తేనే గదా ముఖం వచ్చేది. గాడిద ఎంత మంచి మాట చెప్పింది అనుకుని కోడలికి వివరించాను. ఆ పిల్ల నవ్వలేక బియ్యం మూట మీద కూలబడింది. అది ‘మ’ కాదు, ‘య’ అట. యోగం వస్తుందట. ఆ రెండు అక్షరాలకూ ఒకదాన్ని చూసి ఒకటి పుట్టినంత పోలిక ఉంటే నా తప్పేముంది.

అప్పటి నుంచి నాకు ఒక అలవాటు అంటుకుంది. కంటి ముందు అక్షరం పడితే చదవకుండా ఉండలేను. అందరిలాగా లోపల చదువుకోవడం ఇప్పటికీ రాదు. పైకే చదవాలి, ఒక్కొక్క అక్షరమూ సాగదీస్తూ చదవాలి. లారీ పోతే లారీని చదువుతాను. పెండ్లికి పోతే ముందు పందిరి మీది పేర్లు చదివి తరువాత పెండ్లికూతురిని చూస్తాను.

పోయిన వానల్లో గోడకు చెమ్మ పట్టి, దాని వెంట చెదలు వచ్చింది. దేవుళ్ళను వదిలేసి గాడిద మీద పడింది. చూసుకునేసరికి ముఖమంతా తినేసింది. పైన రెండు చెవులు, కింద అక్షరాలు మిగిలాయి. ముఖం లేని గాడిదను చూడటం మంచిది కాదని మా ఆయన పటం దించేశారు. ఆ తరువాత కూడా పొద్దున ఊదుబత్తి తిప్పి, అలవాటుగా మేకు ముందు నిలబడి, ఉత్త గోడను చూసి, తల విదిలించుకుని వచ్చి కూర్చునేవారు. చూస్తుంటే నాకే కష్టంగా ఉండేది.

ప్రొద్దుటూరులో వెతికారు, కడపలో వెతికారు. పటాలు కట్టేవాళ్ళ దగ్గర దేవుళ్ళున్నారు, జలపాతాలున్నాయి, బోసినవ్వుల పసిపిల్లలున్నారు. గాడిదలు ఎవరూ వేయడం లేదు. మా మరిది ఫోనులో వెతికి ఒకటి తీశాడు. అది ఏ దేశపు గాడిదో, ఒళ్ళంతా బొచ్చు, పళ్ళన్నీ బయటపెట్టి ఇకిలిస్తూ ఉంది. మా ఆయన దాన్ని చూసి, ఇది మన గాడిద కాదని తేల్చేశారు. మా ఊళ్ళో చూద్దామంటే గాడిదలు కనపడక ఎంతో కాలమైంది. బట్టల మూటలు బండ్ల మీద పోతున్నాయి, ఇటుకలు ట్రాక్టర్ల మీద పోతున్నాయి. చివరికి మరిది తనకు ఎవరో బహుమానంగా ఇచ్చిన గోడ గడియారాన్ని ఆ మేకుకు తగిలిస్తానన్నాడు. అంగడికి గడియారం అక్కరకు వస్తుందన్నాడు.

అదే రోజుల్లో మేము నలుగురం, మా ఆయన, నేను, మరిది, తోడికోడలు, శ్రీశైలం పోయి రావాలని అనుకున్నాము. మరిదికి కారుంది. ఆత్మకూరు దాటితే దోర్నాల దాకా నల్లమల అడవి, అక్కడి నుంచి పైకి ఘాటు రోడ్డు. దారంతా జంతువులు కనపడతాయని తెలుసు. నా దగ్గర కోడలు ఇచ్చిన పాత ఫోను ఉంది. నేను ఆలోచించి ఒక మాట అన్నాను. గాడిదే కావాలని ఏముంది, అడవిలో ఏ జంతువైనా సరే, తిన్నగా చూస్తున్నది నేను ఫోటో తీసుకువస్తాను, దాన్ని పటం కట్టించి అక్కడ పెడదాము అని.

మా ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

“అక్షరాలైపాయ. ఇంగ ఫోటోలు గూడా తీస్తావా?”

“తీస్తా. తీసుకోని వస్తే మేకు నాది. ల్యాకుంటే గడియారం పెట్టుకోండి.”

ఆయన ఒక్క షరతు పెట్టారు. జంతువు ఏదైనా సరే, పొద్దున తలుపు తీసి నిలబడితే తన కళ్ళలోకి చూడాలి. పక్క చూపులు పనికిరావు. తోడికోడలు కారెక్కుతూ, “అక్కా, అడవిలో మనల్ని చూసి ఏదైనా పారిపోవాల్సిందే. నీకు తోకలు తప్ప ఏమీ పడవు సూడు” అని నవ్వింది. ఆమె నోటి వాక్కు చాలా దూరం మాతో ప్రయాణం చేసింది.

ఆత్మకూరు దాటాక చెట్లు రెండు వైపులా దగ్గరికి వచ్చాయి. ఆకులు రాలే కాలం, అడవంతా గోధుమ రంగులో ఉంది. కిటికీ పక్క నేను కూర్చున్నాను. బోర్డులు మొదలయ్యాయి. వన్యప్రాణులు తిరుగు ప్రదేశము, నెమ్మదిగా వెళ్ళండి. హారన్ మోగించరాదు. ఈసారి అది ‘మో’నా ‘యో’నా అని జాగ్రత్తగా చూసుకునే చదివాను. అడవిలో వాహనము దిగరాదు. ఆ బోర్డు చదవకపోయినా బాగుండేది. నేను చదివి వినిపించాను గనుక మరిది ఇక ఎక్కడా బండి దిగనివ్వలేదు. కిటికీలో నుంచే తీయాలి.

మొదటి మలుపులోనే కోతులు. మా ఆయన ప్రతి ప్రయాణంలోనూ కోతులకు అరటిపండ్లు వేస్తారు. సంచిలో చెయ్యి పెట్టారు. ఎదురుగా బోర్డు ఉంది. జంతువులకు ఆహారము పెట్టరాదు, అని నేను సాగదీశాను. ఇన్నేండ్లుగా పెడుతున్నాను, ఎప్పుడూ లేని బోర్డు ఈ రోజు ఎక్కడి నుంచి వచ్చిందని విసుక్కున్నారు.

“ఎప్పుడూ ఉండాది. మీకు చదువొచ్చు గాబట్టి మీరు చదవల్యా” అన్నాను.

మరిది స్టీరింగు మీద తల ఆనించి నవ్వాడు. మా ఆయన పండు ఒలిచి తనే తిన్నారు. పండు రాదని తెలియగానే కోతులన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. నేను నొక్కాను. ఎర్రని పిర్రలు ఒక వరుస పడ్డాయి. తోడికోడలు ఆ ఫోటో చూసి, పొద్దున్నే దీన్ని చూస్తే బావగారికి ఏ యోగం పడుతుందో అంది.

ఇంకొంత దూరం పోయాక, అడవిలో జంతువుల కోసం నీళ్ళు పోసే సిమెంటు తొట్టి దగ్గర చుక్కల దుప్పులు కనిపించాయి. మరిది బండిని మెల్లగా ఆపాడు. అందరమూ ఊపిరి బిగబట్టాము. వాటిలో ఒకటి నీళ్ళు తాగుతూ మూతి ఎత్తింది. గడ్డం నుంచి చుక్కలు రాలుతున్నాయి. తిన్నగా నా వైపే చూసింది. అంతకంటే తిన్నగా మనిషి కూడా చూడలేడు. నేను ఫోను ఎత్తి నొక్కాను. బొమ్మ పడే చోట అక్షరాలు వచ్చాయి. అక్షరాలు వస్తే నేనేమి చేస్తాను? “ఫో న్ లో… స్థ లం… ని…” అని మొదలుపెట్టాను. ‘నిండిపోయింది’ దాకా చదివి తల ఎత్తేసరికి తొట్టి ఉంది, నీళ్ళు ఉన్నాయి, దుప్పులు లేవు.

మా ఆయన తన వైపు కిటికీ అద్దం ఎక్కించుకున్నారు.

ఫోను ఎందుకు నిండిందని చూస్తే అంతా తోడికోడలు రోజూ పంపే శుభోదయాలే. పువ్వుల మధ్యలో శుభోదయం, టీ కప్పు మీద శుభోదయం, ఉయ్యాలలో దేవుడూ శుభోదయం. ఒక్కొక్కటీ చదువుకుంటూ చెరిపాను. చెరిపేటప్పుడు కూడా పైకే చదువుతాను గనుక ఆమె తన శుభోదయాలు పోవడం అంతా వింటూ కూర్చుంది. కొండ ఎక్కేదాకా మాట్లాడలేదు.

ఆ తరువాత నెమలి కనిపించింది, తోక పడింది. ముంగిస రోడ్డు దాటింది, రోడ్డు పడింది. కొండముచ్చు ఒకటి చెట్టు మీద చక్కగా కూర్చుంది గానీ నేను ఫోను ఎత్తగానే చేత్తో ముఖం అడ్డం పెట్టుకుంది. పైకి పోయి దర్శనం చేసుకున్నాము. నేను గుడిలో ఏమి కోరుకున్నానో చెప్పక్కర లేదు. సత్రంలో పడుకుని మరునాడు దిగేటప్పుడు కూడా కిటికీ వదల్లేదు. అడవి పంది పిల్లలతో సహా పోతూ కనిపించింది. దాని వెనక భాగం మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది.

ఆత్మకూరు వైపు చెక్‌పోస్టు దాటితే అడవి అయిపోయినట్టే. ఆ దగ్గరకు వస్తుండగా మరిది, గడియారానికి మేకు సరిపోతుందో లేదో, ఇంకొంచెం లావు మేకు కొట్టాలేమో అన్నాడు. ఎత్తిపొడవాలని కాదు, మామూలుగానే అన్నాడు. మా ఆయన, చూద్దాంలే అన్నారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నాకు ఏడుపు వచ్చేటట్టు ఉంది. ఒక ఫోటోకు ఏడవడమేమిటని ఎవరైనా అనుకోవచ్చు. ఆ అంగట్లో నా చేతితో కట్టిన పొట్లాలు లెక్కలేనన్ని పోయాయి. నేను పెట్టినదని గోడ మీద నిలిచినది ఒక్కటీ లేదు.

చెక్‌పోస్టు దాటిన తరువాత కొండ అడుగున చివరి మలుపులో రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. మరిది బండి ఆపాడు. మంద పోతూనే ఉంది. అంతా అయిపోయాక, వెనకాల దుమ్ములో ఒక గాడిద వచ్చింది. దాని వీపు మీద నులక మంచం, వంట సామాను. రెండు వైపులా గోనె సంచులు వేలాడుతున్నాయి. ఆ సంచుల్లో నుంచి ఇటు రెండు, అటు రెండు, అప్పుడప్పుడే పుట్టిన గొర్రెపిల్లల తలలు బయటికి వచ్చి ఉన్నాయి.

నేను తలుపు తీసుకుని దిగేశాను. ఇక్కడ దిగరాదనే బోర్డు లేదు.

గాడిద వెంట ఒక ఆడమనిషి ఉంది. నా ఈడుదే ఉంటుంది, చేతిలో కట్టె, కొంగు తలకు చుట్టుకుంది. ఏ ఊరని అడిగాను. కోసిగి కాడ అంది. ఆడ గడ్డి ల్యాదు, నీళ్ళు ల్యావు అంది. కోతలైన మడికట్లలో ఎరువు కోసం రైతులు రాత్రిపూట మందను పండబెట్టించుకుంటారు గదా, ఏటా ఈ కాలానికి ఆ పని మీద ఈ వైపు వస్తారట. నీ గాడిదను ఒక ఫోటో తీసుకుంటానన్నాను. ఆమె నన్నూ, నా వెనక ఉన్న అడవినీ చూసింది.

“అంత అడవి పెట్టుకోని, నీకు నా గాడిదే దొరికిందా అక్కా?”

ఆమెకు అంగడి సంగతి, చెదలు సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నది. అంతలో మా ఆయన కూడా దిగి వచ్చారు. గాడిదను చూసి, అంగట్లో నిలబడినట్టే చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇది మన గాడిదే అన్నారు, తనలో తాను.

కానీ గాడిద మాత్రం ఆయన్ను చూడలేదు. మెడ తిప్పి సంచిలోని పిల్లలను వాసన చూస్తోంది. ఆ అమ్మ నాలుకతో చప్పుడు చేసింది, కట్టెతో నేల తట్టింది. తోడికోడలు కిటికీలో నుంచి గాజులు గలగలలాడించింది. మా ఆయన, “ఇదో, ఈ పక్కకు సూడు” అని బేరగాణ్ని పిలిచినట్టు పిలిచారు. మరిది సాయం చేద్దామని హారన్ కొట్టాడు. గాడిద బెదిరి పూర్తిగా అటు తిరిగిపోయింది. నా ఫోనులో మళ్ళీ తోక.

మగవాళ్ళు మందతో చాలా ముందుకు పోయారు. ఆ అమ్మ పోవాలి. ఇంకొక్కసారి అని ఫోను ఎత్తాను. అప్పుడే మళ్ళీ అక్షరాలు వచ్చాయి. వద్దు వద్దు అనుకుంటూనే నా నోరు మొదలుపెట్టింది.

“బ్యా ట రీ… త క్కు వ గా… ఉం ది…”

గాడిద చెవులు ఇటు తిరిగాయి. ముందు చెవులు, తరువాత మెడ, తరువాత ముఖమంతా. సంచుల్లోని పిల్లలు కూడా తలలు ఎత్తాయి. “ఛా ర్జ ర్…” అంటున్నాను. గాడిద నా కళ్ళలోకి చూస్తోంది. రెప్ప కూడా వేయడం లేదు. చదవడం ఆపితే తల తిప్పుతుందేమోనని భయం. అక్షరాలను వేలితో పక్కకు తోసేసి, లేని అక్షరాలను కూడా సాగదీస్తూ నొక్కాను. ఇంకోసారి నొక్కబోయేసరికి ఫోను నల్లబడింది.

“సంజెపూట పిల్లల్ని తల్లుల కాడికి పిలిచేటప్పుడు మేమూ ఇట్లే సాగదీస్తాము. అందుకే సూసింది” అంది ఆ అమ్మ. తరువాత, “మొగం పడిందా?” అని అడిగింది.

నేను పటం కింద చదివిన మాటే ఆమె నోట వచ్చింది. ఫోను చచ్చిపోయింది, తెలియదన్నాను. పడుంటాదిలే, అది సరిగానే సూసింది అని నాకు ధైర్యం చెప్పి, గాడిదను తట్టి, దుమ్ములో కలిసిపోయింది.

ఆత్మకూరులో టీ కొట్టు దగ్గర ఆగి ఫోనును ఛార్జింగు పెట్టించాము. నలుగురం టీ తాగుతూ దాన్నే చూస్తున్నాము. ఫోను వెలిగాక నేను ఫోటో తెరిచాను.

పడింది. దుమ్ము వెనకాల సాయంత్రపు ఎండ పడి చెవుల అంచులు బంగారు రంగుకు వచ్చాయి. నుదుటి మీద చిన్న మచ్చ. రెండు వైపులా గొర్రెపిల్లల ముఖాలు, దేవుడికి అటూ ఇటూ దీపాలు పెట్టినట్టు. నడుమ ఆ పెద్ద ముఖం, తిన్నగా, నిమ్మళంగా, నీకేమి కావాలి అని అడుగుతున్నట్టు. మా ఆయన ఫోను నా చేతిలో నుంచి తీసుకుని చాలాసేపు చూశారు. ఎడమకు జరిగి చూశారు, కుడికి జరిగి చూశారు. ఎటు జరిగినా అది ఆయన్నే చూస్తోంది. తరువాత టీ కొట్టు ఆయనకు చూపించారు. అక్కడ కూర్చున్న వాళ్ళందరికీ ఒక్కొక్కరికీ చూపించారు. మా ఇంటామె తీసింది అని ప్రతి ఒక్కరితోనూ చెప్పారు. నేను టీ గ్లాసు అడ్డం పెట్టుకుని వింటూ కూర్చున్నాను.

“వదినా, గడియారం మా ఇంట్లోనే పెట్టుకుంటాలే” అన్నాడు మరిది. తోడికోడలు ఆ ఫోటోను తనకు పంపించుకుంది. మరునాడు పొద్దున చుట్టాలందరికీ గాడిద మీద శుభోదయం వచ్చింది.

ప్రొద్దుటూరులో పటం కట్టేవాడు కొలత తీసుకుంటూ, ఏ దేవుడమ్మా అని అడిగాడు. చూపించాను. ఇన్నేండ్లలో గాడిదను తెచ్చిన మొదటి మనిషిని నేనేనట. కింద అక్షరాలు కంప్యూటరులో వేయిద్దామని మరిది అన్నాడు. మా ఆయన వద్దన్నారు.

“మీ వదిన రాస్తాది.”

పాత పటం అడుగున మిగిలిన ముక్కను ఎదురుగా పెట్టుకుని, తెల్ల అట్ట మీద ఎర్ర రంగుతో రాశాను. అంగట్లో బేరాలు ఆగిపోయి జనం నిలబడి చూస్తున్నారు. రాస్తూ ఒక్కొక్క అక్షరమూ పైకి చదివాను. మా ఆయన పటాన్ని మేకుకు తగిలించి, వెనక్కి జరిగి, కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు.

“అంతా బాగుండాది గానీ, ఆ య మాత్రం మ మాదిరి వచ్చింది సూడు. దిద్దు.”

చూశాను. నిజమే. తోక ఎక్కడో పొరపాటుగా తిరిగింది. కుంచె ఇంకా చేతిలోనే ఉంది, రంగు ఇంకా తడిగానే ఉంది.

“మొగం వచ్చింది గదా. ఉండనీండి” అన్నాను.

ఆయన కాసేపు పటం వైపు చూశారు, కాసేపు నా వైపు చూశారు. ఊదుబత్తి వెలిగించడానికి పోయారు. ఇప్పుడు అంగడికి వచ్చే చదువుకున్న పిల్లలు దాన్ని చదివి నవ్వుతారు. నవ్వినవాళ్ళు నవ్వుతూనే తల ఎత్తి గాడిద కళ్ళలోకి చూస్తారు. నేను పొట్లం కట్టి వాళ్ళ చేతికి ఇస్తాను.